కొండదారిలో పూడ్చిన కాలవలు

"ఈ గుంతలు పూడ్చిన మహానుభావుడెవరు?"

పని చేయించే అమ్మాయి గొంతు ఖంగుమనేసరికి కొండదారి మీదున్న వాలంటీర్లంతా కొత్తగా చేరిన బ్యాంకు కుర్రాడి వైపు చూశారు. పాపం, అందరికంటే ముందొచ్చి, చెమటలు కక్కుతూ దారంతా చదును చేశాడు. తెగ మెచ్చుకుంటుందనుకున్నాడు!

"నేనేనండీ. నడిచేవాళ్లు పడతారని..."

"అవి గుంతలు కావు బాబూ, కాలవలు! వాననీళ్లు పక్కకి పోవాలని అందరం నానా తంటాలుపడి తవ్వాం. ఈసారి దారి కొట్టుకుపోతే శాశ్వతంగా మూసేస్తామని పార్కు ఆఫీసరు చెప్పేశాడు. మోకాలి ఆపరేషనయ్యాక మా నాన్న నడవగలిగే మెట్లులేని దారి ఇదొక్కటే!"

అతని మొహం మాడిపోయింది. పైన మబ్బులు కమ్ముకొస్తున్నాయి.

"మీరింక ఇంటికెళ్లండి."

"వెళ్లను. పూడ్చింది నేను, తవ్వేదీ నేనే. ఎక్కడెక్కడో చూపించండి చాలు."

మొండిఘటమే! ఆమె ఎగాదిగా చూసి పార అందుకుంది. "సరే, వాలుగా తవ్వండి. అడ్డంగా తవ్వితే నీళ్లు అక్కడే నిలిచిపోతాయి."

మిగతావాళ్లు పైనుంచి, వీళ్లిద్దరూ కిందనుంచి మొదలుపెట్టారు. వాన దంచికొట్టింది. ఒక్కరూ పని ఆపలేదు.

"అయ్యో, మీ చేతులు బొబ్బలెక్కాయి! గ్లవ్స్ ఏవీ?"

"ఇంప్రెస్ చేద్దామన్న తొందర్లో మర్చిపోయా."

"ఎవర్నో?"

అతను తలొంచుకుని ఇంకా గట్టిగా తవ్వాడు. ఆమె నవ్వాపుకుంటూ తన గ్లవ్ ఒకటి తీసి విసిరింది.

చివరి కాలవ తవ్వగానే బురదనీళ్లు సర్రున పక్కకి తిరిగాయి. అందరూ చిన్నపిల్లల్లా కేకలేశారు.

మర్నాడు ఆఫీసరు దారంతా నడిచి చూశాడు. "మూసే ప్రసక్తే లేదు. పైసా తీసుకోకుండా ఇంత చేశారు. మీరే లేకపోతే ఈ దారి మాకు దక్కేది కాదు" అని ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాడు.

వెనకాలే కర్ర ఊతంతో ఆమె నాన్న వచ్చాడు. "ఈ అబ్బాయెవరమ్మా? నీ గ్లవ్ ఇతని చేతికుందేం?"

"కాలవలు పూడ్చింది ఇతనే నాన్నా."

"మరి తవ్విందో?"

"అదీ ఇతనే" అంది, సిగ్గుపడుతూ.

నాన్న పకపకా నవ్వాడు. "తిట్లు తిని కూడా పారిపోలేదన్నమాట! వచ్చే ఆదివారం వస్తావా బాబూ?"

అతను ఆమెనే చూస్తూ ధైర్యం కూడగట్టుకున్నాడు. "మీ అమ్మాయంటే నాకిష్టమండీ. రమ్మంటే ప్రతి ఆదివారం వస్తాను."

ఆమె రెండో గ్లవ్ కూడా అతని చేతిలో పెట్టింది.

"ఆదివారం దాకా ఎందుకు? రేపే రండి. ఈసారి నన్నడక్కుండా ఏదీ పూడ్చకండి!"