బ్రేకు మీద కాలు

గిద్దలూరు నుంచి కంభం వైపు పోయే రోడ్డులో సాయంత్రం పూట ఎండుగడ్డి వాసన వస్తుంది. ఆరోజు దానితో పాటు మాడిన ఇనుము వాసన మొదలైంది. అది నా కారుదే.

వెనక సీట్లో మా అక్క రెబెకా కాన్పు నొప్పులతో మెలికలు తిరుగుతోంది. తల ఆమె అత్త పుష్పమ్మ ఒళ్లో ఉంది. 108కి ఫోన్ చేయబోతే ఆపింది నేనే. “అది రావాల, మళ్లీ పోవాల. రెండింతల దారి. నా బండైతే సగం టైములో మార్కాపురం” అని అక్కడికక్కడే లెక్క కట్టి చెప్పాను. ముందురోజే ఫోన్లో చూసుకుంటూ ముందు చక్రాలకు కొత్త బ్రేకు ప్యాడ్లు, డిస్కులు నేనే వేశాను. మెకానిక్ ఎందుకని నవ్వాను కూడా.

బండి బరువెక్కింది. చివరికి కదల్లేదు.

“ఏందిరా ప్రవీణూ, ఆపినావు?”

“బ్రేకు పట్టేసింది అత్తా.”

“నువ్వేసిన బ్రేకేనా?”

దిగి చూశాను. ఎడమ చక్రం పొగలు కక్కుతోంది. జాకీ ఎత్తి చక్రం ఊడదీశాను. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ పిన్నులు ఎండిపోయి ఉన్నాయి. గ్రీజు పెట్టడమే మరిచాను! సిగ్గుతో చెవులు కాలిపోయాయి. డిక్కీలో ఉన్న గ్రీజు పూసి, అత్తను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, నేను చక్రం దగ్గర కూలబడ్డాను. పెడల్ ఒకరు తొక్కాలి, ఇక్కడ ఒకరు చూడాలి.

“తొక్కు అత్తా.” ప్యాడ్లు బిగిశాయి. “వదులు.” వదిలాయి.

హమ్మయ్య అనుకున్నాను. బోల్టులు బిగించేసరికి చీకటి పడింది.

“ఇంకోసారి తొక్కు.” బిగిశాయి. “వదులు.”

వదల్లేదు.

“వదులు అత్తా!”

“వదిలినా...” లోపల నుంచి గుసగుస.

డిస్కు కిర్రుమంది. బ్రేకు ఆయిలు నట్టు విప్పాను. ఆయిలంతా మట్టిలోకి కారిపోయింది. ఇక పెడల్ ఎంత తొక్కినా ఇక్కడ ఏమీ కదలకూడదు.

ప్యాడ్లు ఇంకా బిగుస్తున్నాయి...

“ఎవరితో మాట్లాడతాండావురా?”

గొంతు నా వెనక నుంచి. రోడ్డు మీద, ఆగిన జీపు వెలుగులో అత్త.

“నేను దిగి ఎంతసేపాయె! జీపు ఆపినా. లెయ్, అక్కను పట్టు.”

డ్రైవర్ డోరు తీసి చూశాను. సీటు ఖాళీ. పెడల్ నేలకు అంటుకుని ఉంది. నేను చూస్తుండగానే... మెల్లగా పైకి లేచింది.

అక్కను జీపు ఎక్కించాం. “లోపల ముగ్గురు ఆడోళ్లయినారు, చోటు లేదు. నువ్వు వెనకాల వేరే బండిలో రా తమ్ముడూ” అన్నాడు జీపతను. నేను తల ఎత్తలేదు.

లారీ పట్టుకుని ఆసుపత్రి చేరేసరికి కాన్పు అయిపోయింది. అక్క మగతలో ఉంది.

“మగబిడ్డరా” అంది అత్త. “నిన్ను తిట్టాలనే ఉన్నా. పోనీ, ఆ నర్సమ్మనన్నా తోడు తెచ్చినావు. దారంతా దీని చెయ్యి వదల్లేదు.”

“ఏ నర్సమ్మ?”

“నీ కార్లోంచే దిగె గదా! ఇప్పుడే బిడ్డను తుడిచి తెస్తానని ఎత్తుకపోయె.”

నేనెవరినీ తేలేదు. వరండా చివర పసిబిడ్డ ఏడుపు. పరిగెత్తాను. ఏడుపు నాకంటే ముందు మెట్లు దిగుతోంది. నేనూ దిగాను. మెట్లు అయిపోయాయి.

ఏడుపు ఇంకా కిందికే పోతోంది...