సరైన వాక్యాన్ని చెరిపేసిన అమ్మాయి

సాపర్‌బెక్ మాస్టారు మూడో గిన్నె టీ తాగుతూ గోడ గడియారం వంక నాలుగోసారి చూశాడు. రాజధాని బిష్కేక్ వెళ్ళే వ్యాన్ పదింటికి బయలుదేరుతుంది. కూతురు ఉల్జాన్ ఇంకా సంచీ సర్దుకోలేదు. భార్య బూరుల్ పొయ్యి దగ్గర కూర్చుని, దారిలో తినడానికని పొరల రొట్టెలు కాల్చి గుడ్డలో చుడుతోంది. కిటికీ అవతల మోకాలి లోతు మంచు పేరుకుని ఉంది.

నారిన్ అనే ఆ ఊళ్ళో లెక్కల మాస్టారంటే సాపర్‌బెక్కే. ఇరవయ్యారేళ్ళుగా ఆ బడిలోనే పాఠాలు చెబుతున్నాడు. అక్కడి నుంచి యూనివర్సిటీకి గణితం చదవడానికి వెళ్ళిన మొదటి పిల్ల ఆయన కూతురే. ఆ మాట వీధిలో ఎదురైనవాళ్ళకి ఆపి చెప్పాడు, ఎదురుకానివాళ్ళకి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"ఏమ్మా, నీకోసం వ్యాన్ ఆపుతారనుకుంటున్నావా?"

"నేను వెళ్ళను నాన్నా."

"వెళ్ళకపోవడమేంటి?"

ఉల్జాన్ తల వంచుకుంది. "నల్లబల్ల ముందు నిలబెట్టి అడిగే మొదటి పరీక్ష తప్పాను. అయిదుకి రెండొచ్చింది. సోమవారం మళ్ళీ పెడతారు. అదీ తప్పితే ఇంకొక్క అవకాశం ఇస్తారు, ఆపైన పేరు కొట్టేస్తారు. ఇంకోసారి వెళ్ళి నవ్వులపాలవడం దేనికి? ఇక్కడే కుట్టుపని నేర్చుకుంటాను."

సాపర్‌బెక్‌కి ఒక్క ముక్కా మింగుడుపడలేదు. జిల్లా పోటీల్లో రెండుసార్లు మొదటి బహుమతి తెచ్చిన పిల్ల! ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"ఎవరా పరీక్ష పెట్టింది? నంబరివ్వు! నేను మాట్లాడతాను."

"ఆవిడ తప్పేం లేదు నాన్నా."

"అయితే నీదే తప్పన్నమాట. చదవకుండా ఏం వెలగబెట్టావక్కడ?"

"నోట్సంతా కంఠతా పట్టాను. కామా కూడా వదల్లేదు."

"మరింకేం!"

"కంఠతా పడితే చాలదట! ఇక్కడ మీరు లెక్క ఇస్తే నాలుగు నిమిషాల్లో చేసేసేదాన్ని. అక్కడ ఒక్క లెక్క ముందు మూడు రోజులు కూర్చున్నా దారి దొరకదు. క్లాసులో అందరూ తలలూపుతారు. నాకొక్కదానికే బుర్ర లేదనుకున్నాను. మొన్న నా గదిలో ఉండే పిల్ల ఏడిస్తే తెలిసింది, దానికీ సెప్టెంబరులో చేరినప్పటి నుంచి ఏమీ అర్థం కావట్లేదట."

"అడక్కపోయావా?" అంది బూరుల్, పిండి చేతులతోనే దగ్గరికొచ్చి.

"గురువారం గురువారం మా డౌట్ల కోసమే మేడమ్ గంటసేపు కూర్చుంటారు. తలుపు దాకా వెళ్ళి వచ్చేసేదాన్ని. మాస్టారి కూతుర్ని, తెలీదని ఎలా చెప్పనమ్మా?"

"బాగుంది. తెలిస్తే అసలు బడికెందుకు వెళ్ళడం?" అని బూరుల్ భర్త వైపు తిరిగింది. "వింటున్నారా మాస్టారూ? ఇది మీ పెంపకమే."

మాస్టారు వినిపించుకోలేదు. ముందుగదిలో ట్యూషన్ల కోసం గోడకి పెట్టిన నల్లబల్ల చూపించాడు. "అడిగిందేంటో రాయి. తాడో పేడో తేల్చేద్దాం."

ఉల్జాన్ సుద్దముక్క తీసుకుని రాసింది. పెరుగుతూ పోయే అంకెల వరుస ఒకటుంది. అది ఒక హద్దు దాటదు. అలాంటి వరుస చివరికి ఏదో ఒక చోటికి చేరువవుతుందని చూపించాలి.

"ఇంతేనా! పైకి పోతోంది, గోడ అడ్డుంది. ఇక గోడ దగ్గరికి కాక ఎక్కడికి పోతుంది? కళ్ళకి కనిపిస్తూనే ఉందిగా."

"గోడ దాకా రాకుండా ముందే నెమ్మదించిపోతే? ఎక్కడికి చేరినట్టు?"

సాపర్‌బెక్ సుద్ద అందుకుని ఒక గీత గీశాడు, చెరిపాడు, ఇంకోటి గీశాడు. బుర్ర గోక్కున్నాడు. తెలిసిన విషయమే, ఎప్పుడో తనూ చదివినదే, కానీ దాని మొదలెక్కడో అందడం లేదు.

"మరి నువ్వేం రాశావు?"

"వరుస దాటని హద్దులు బోలెడుంటాయి. వాటిల్లో అన్నిటికన్నా కిందున్నది తీసుకుందాం అని రాశాను. మేడమ్ 'ఎందుకు?' అన్నారు. వెంటనే చెరిపేశాను."

"తప్పా అది?"

"కాదు. రైటే. అదే సరైన మొదలని తర్వాత ఆవిడే చెప్పారు. ఎందుకు చెరిపావమ్మా అని అడిగితే నాకు ఏడుపొచ్చేసింది. మన బడిలో మీరు ఎందుకు అన్నారంటే తప్పు రాసినట్టే కదా నాన్నా. ఆ మాట వినపడగానే చెయ్యి దానంతటదే చెరిపేసింది."

ఇరవయ్యారేళ్ళలో తన ముందు నల్లబల్ల దగ్గర నిలబడ్డ పిల్లలందరూ ఒక్కసారిగా సాపర్‌బెక్ కళ్ళ ముందుకొచ్చారు. తను కనుబొమ్మ ఎత్తి "ఎందుకు?" అనగానే చప్పున తుడిచేసిన చేతులు ఎన్నో! ఆ భయాన్ని చూసి క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాడు. నిజంగా తెలుసుకోవాలని ఆ మాట ఒక్కనాడూ అడగలేదు. ఆయనకి ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. నల్లబల్ల ముందు పిల్లలు కూర్చునే చిన్న బెంచీ మీద కూలబడ్డాడు.

"నాకు అర్థం కాలేదు. నువ్వే చెప్పు," అన్నాడు.

ఆయన నోట ఆ మాట బూరుల్ పెళ్ళయ్యాక వినడం ఇదే మొదటిసారి. రొట్టె మాడుతున్నా కదల్లేదు.

ఉల్జాన్ మళ్ళీ ఆ వాక్యం రాసింది: హద్దుల్లో అన్నిటికన్నా కిందిది ఒకటుంటుంది.

"ఎందుకు?" అన్నాడు సాపర్‌బెక్.

అమ్మాయి అరచెయ్యి అప్పుడే వాక్యం మీదికి వెళ్ళిపోయింది. ఆయన గబుక్కున లేచి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"చెరపకు తల్లీ. తప్పని కాదు. నిజంగా తెలీకే అడుగుతున్నాను."

ఉల్జాన్ తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆమె తడబడుతూ మొదలుపెట్టింది. "ఎందుకంటే... పైన హద్దున్న ప్రతి వరుసకీ అలాంటిదొకటి ఉంటుందని మొదటి నెలలోనే మాకు చెప్పారు. అంకెల మధ్య ఖాళీలు లేవని దానర్థం. ఇక దానికి కాస్త కిందున్న ఏ చోటు తీసుకున్నా, అది హద్దు కాదు. అంటే వరుస దాన్ని దాటి తీరాలి. దాటాక..." ఆగిపోయింది. "దాటాక మళ్ళీ వెనక్కి రాదు! పెరుగుతూనే పోతుంది కదా! అంటే చేరేది అక్కడికే!"

"ఆగాగు. సగమే అర్థమైంది."

"నాకూ ఇందాకటి దాకా సగమే నాన్నా. చెబుతుంటే ఇప్పుడు మిగతాది తెలుస్తోంది."

"ఇద్దరికీ సగం సగమైతే ఇక నవ్వులపాలయ్యేదేముంది?" అని బూరుల్ కళ్ళు తుడుచుకుంది. "తొమ్మిదిన్నరైంది!"

ఉల్జాన్ లోపలికి పరుగెత్తి సంచీ సర్దుకుంది. మంచులో ముగ్గురూ వ్యాన్ దగ్గరికి చేరేసరికి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అద్దం దించి ఆమె తల బయట పెట్టింది.

"సోమవారం మళ్ళీ తప్పితే నాన్నా?"

"తప్పితే తప్పావు. గురువారం ఆ తలుపు తట్టి, తెలీదని చెప్పు," అన్నాడు సాపర్‌బెక్. వ్యాన్ కదులుతుంటే పక్కనే నడిచాడు. "నేనూ సోమవారం మా క్లాసులో అదే చెబుతాను."