మూలన చిన్న డబ్బా

తుపాకీ మొన మెడ వెనక చల్లగా తగిలింది.

"తోక జాడించావో... ఇక్కడే లేపేస్తా."

ఆమెకి కోపంతో ఒళ్ళంతా మండుతోంది!

ఎడిటింగ్ రూమ్ షట్టర్ దించేశారు. బయట మిట్టమధ్యాహ్నం. లోపల కంప్యూటర్ ముందు వీడియో ఎడిటర్ అయిన ఆమె. వెనక తుపాకీతో గుండుగాడు. సోఫాలో కాలు మీద కాలేసుకుని వాడి యజమాని, బిల్డర్.

బయట కారులో బిల్డర్ మనుషులిద్దరి మధ్య ఇరుక్కుని ఆమె తమ్ముడు. బిల్డర్ దగ్గర డ్రైవర్.

"మళ్ళీ చెప్తున్నా, విను," అన్నాడు బిల్డర్. "పెద్ద బొమ్మలో నేను స్టేజీ మీద మాట్లాడుతుంటా. మూలన చిన్న డబ్బాలో నా కారు వాచ్‌మన్‌ని గుద్ది చంపేస్తుంది. రెండూ ఒకేసారి ఆడాలి. చూసినోడికి ఏం అర్థం కావాలి?"

"ఆ టైముకి మీరు స్టేజీ మీదున్నారని."

"మరి కారు నడిపింది?"

ఆమె పళ్ళు బిగించింది. "మా తమ్ముడని."

"అదీ! ప్రెస్ మీట్‌లోనే ఇన్‌స్పెక్టర్ ముందు వాడు ఒప్పుకుంటాడు. వాడు నోరు జారితే నువ్వుండవు. నువ్వు తేడా చేస్తే వాడుండడు."

ఎంత తేలిగ్గా అంటున్నాడు... దున్నపోతు!

కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి రెండు వీడియోలు. కింది ట్రాక్‌లో స్పీచ్. పై ట్రాక్‌లో సైట్ గేటు దగ్గరి సీసీటీవీ. సిమెంటు బస్తాలు పోతున్నాయని బిల్డర్ ఏరికోరి పెట్టించిన ఖరీదైన కెమెరా అది. పై బొమ్మని ఇంకా కుదించలేదు. స్క్రీన్ నిండా ఉంది.

ఆమె ఒక్క ఫ్రేమ్ దగ్గర ఆగింది.

గేటు లైటు కారు అద్దంలోంచి లోపలికి పడుతోంది. స్టీరింగ్ వెనక... బిల్డర్!

పక్క సీట్లో తమ్ముడు. రెండు చేతులతో స్టీరింగ్‌ని పక్కకి లాగుతున్నాడు.

వాడు చంపలేదు. ఆపబోయాడు! అమ్మ పోయాక తను గోరుముద్దలు పెట్టి పెంచిన పిల్లాడు. వాణ్ణి ఈ వెధవ జైలుకి పంపిస్తాడట.

"ఎందుకాగావ్?" గుండుగాడు గుచ్చాడు.

"సైజు చూస్తున్నా."

వాడు వంగేలోపు బొమ్మని కుదించి మూలకి జరిపింది.

బిల్డర్ లేచి వచ్చాడు. "ఇంకా చిన్నది చెయ్. మొహాలు కనపడకూడదు."

ఇంకా కుదించింది. అగ్గిపెట్టెంత అయింది. కారు చీమలా పాకుతోంది.

"చాలు. నేను మాత్రం బాగా కనపడాలి. హాల్లో గోడంత ఎల్ఈడీ స్క్రీన్ పెట్టించా."

గోడంత!

మౌస్ మీద ఆమె వేలు ఆగింది.

"అయితే పెద్ద సైజులో ఎక్స్‌పోర్ట్ చేస్తా సార్. లేకపోతే మీ మొహం అలుక్కుపోతుంది."

"చెయ్, చెయ్."

కుదిస్తే కళ్ళకి చిన్నదవుతుంది. అంతే. లోపలున్నది ఎక్కడికీ పోదు. ఆ సంగతి వాడికి తెలియదు.

బిల్డర్ వీడియోని తన ఫోన్‌లో రెండుసార్లు చూశాడు. "ఓకే."

*

హాలు కిటకిటలాడుతోంది. వెనక కన్సోల్ దగ్గర ఆమె. పక్కటెముకల్లో గుండుగాడి తుపాకీ, కోటు చాటున. స్టేజీ మీద తల వంచుకుని తమ్ముడు. వాడి పక్కనే బేడీలు పట్టుకుని ఇన్‌స్పెక్టర్.

బిల్డర్ మైకు అందుకున్నాడు. "నిజం మీరే చూడండి."

ప్లే!

వెనక గోడంతా వెలిగింది. కొండంత బిల్డర్ చేతులూపుతూ స్పీచ్ ఇస్తున్నాడు. మూలన చిన్న డబ్బా...

చిన్నది కాదు. తలుపంత ఉంది!

కారు వచ్చింది. అద్దం... స్టీరింగ్... మొహం!

విలేకరులు గుసగుసలాడారు. బిల్డర్ స్క్రీన్‌కి వీపు పెట్టి నవ్వుతూనే ఉన్నాడు.

"సార్," ముందు వరసలో ఒకాయన అన్నాడు, "కారు నడుపుతోంది మీరే కదా?"

నవ్వు ఆగింది. వెనక్కి తిరిగాడు.

తమ్ముడు తలెత్తాడు. స్క్రీన్ చూశాడు. దూరంగా అక్కని చూశాడు. భోరుమన్నాడు.

"ఆపు! ఎవడు చేశాడ్రా ఇది?" అరిచాడు బిల్డర్.

ఆమె కన్సోల్ మైకు లాక్కుంది. గుండుగాడు అప్పటికే పోలీసు భయంతో గుమ్మం దాటి పారిపోయాడు.

"మీరే ఓకే చేశారు సార్. రెండుసార్లు చూసి మరీ."

బిల్డర్ చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. రివాల్వర్! ఇన్‌స్పెక్టర్ బేడీలు వదిలేసి దూకాడు...

ఢాం!

తూటా స్క్రీన్ మధ్యలో దిగింది. స్పీచ్ ఇస్తున్న మొహం నల్లబడిపోయింది.

మూలన డబ్బా మాత్రం ఆడుతూనే ఉంది.