సజ్జ చేలో కిడ్నీల సీడీ

మంత్రాలయం మునిగిన వరద తర్వాత పదిహేనో ఏడు. ఆ ఏడు ఆదోనికి తాగునీళ్లు సరిగా రాలేదు గానీ, కిడ్నీలను రంగుల్లో చూపించే స్కానింగ్ వచ్చింది.

తెచ్చింది రాజశ్రీ. పత్తి మిల్లు మూసి స్కానింగ్ సెంటర్ తెరిచిన రామలింగయ్య కూతురు. బెంగళూరులో ఆరు నెలలు నేర్చుకుని వచ్చింది. సూది లేదు, మందు లేదు. రక్తం బాగా అందే కిడ్నీ ఎర్రగా, అందనిది నీలంగా కనిపిస్తుంది.

అక్కడికి స్కానింగ్‌కు రోగులను పంపేదీ, ఆ బొమ్మలు చూడాల్సిందీ ఎమ్మిగనూరు కిడ్నీ డాక్టర్ భరత్. ఆయన చూడలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లకు తొందర ఉండదు.

ఫోన్లో మొదటి మాటే గొడవ.

"మేడం, ఫిల్మ్ యాడ?"

"రంగులు ఆ నల్ల ఫిల్మ్‌లో రావు సార్. పేషెంటుకు సీడీ ఇచ్చినాం. పెట్టుకోని చూడండి."

"నా ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే సందు లేదు."

"కొత్తది పెట్టే సందు మీకు యాడా లేదా సార్?"

అప్పటినుంచి ఆయన రోజూ ఫోన్ చేసి ఫిల్మ్ రాలేదని తిట్టేవాడు. ఒకరోజు చేయలేదు. సాయంత్రానికి రాజశ్రీయే చేసింది.

"ఈ పొద్దు తిట్టలేదేం సార్? జొరమా?"

రోగుల మీద ఎంత శ్రద్ధ!

రోగులకూ సీడీ నచ్చలేదు. ఫిల్మ్ అయితే పెద్ద కవర్లో పెట్టుకుని బస్సులో నలుగురికీ చూపించుకోవచ్చు. సీడీని చూపిస్తే పాటలేమున్నాయని అడుగుతారు.

రామలింగయ్య తేల్చేశాడు. "నెలాఖరు దాకా చూస్తా తల్లీ. ఆ డాక్టరు దీన్ని రాయకుంటే రంగుల కిడ్నీలు బంద్. నువ్వు బెంగళూరు ఉద్యోగానికి పో."

రాజశ్రీ ఆ మాట భరత్‌కు చెప్పింది. "ఇంకో పది దినాలు ఓర్చుకోండి సార్. నేను బెంగళూరుకు పోతాండాను. మీకు మళ్లీ ఫిల్ములే వస్తాయి."

ఆ పూట ఆయన ఫిల్మ్ అడగడం కూడా మరిచి ఫోన్ పెట్టేశాడు.

రెండు రోజులకు ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో తిట్టు లేదు.

"హొళగుంద అంజినమ్మకు మూడు రకాల మాత్రలిచ్చినా బీపీ దిగలేదు. కిడ్నీ చెడతాంది. నువ్వు తీసిన బొమ్మ ఒకసారి చూడాల."

"ఈడ కంప్యూటర్లో నెల దాటితే తుడిచేస్తారు సార్. సీడీ ఆయమ్మ దగ్గరే ఉండాల. మళ్లీ తీద్దామా?"

"రానంటాంది. మీ మిషన్ సప్పుడుకు సగం పానం పోయిందంట."

భరత్ మోటారు సైకిలు మీద, రాజశ్రీ సీడీ పట్టే పాత ల్యాప్‌టాప్ తగిలించుకుని స్కూటీ మీద, ఎవరి దారిన వాళ్లు హొళగుంద చేరారు. అంజినమ్మ మొగుడు నరసన్న చేనుగట్టున కూర్చుని ఉన్నాడు.

"సీడీనా? ఆడ సూడు సార్."

సజ్జ చేను నడుమ కర్రకు దారంతో కట్టి ఉంది. గాలికి తిరుగుతూ తళతళా మెరుస్తోంది.

"శానా మంచి స్కానింగ్ అప్పా. ఒక్క పిట్ట వాల్లేదు."

రాజశ్రీ ఆరు నెలల చదువుకు దొరికిన మొదటి మెప్పు అది.

సీడీ విప్పేసరికి వాన పట్టుకుంది. ఇద్దరూ గుడిసె చూరు కిందికి పరుగెత్తారు. ఆమె చున్నీతో సీడీ తుడిచింది. ఆయన తన చొక్కా తడుస్తున్నా ల్యాప్‌టాప్‌కు అడ్డం నిలబడ్డాడు. ఇన్నాళ్లూ గొంతే విన్న మనిషిని ఇప్పుడు జానెడు దూరంలో చూస్తున్నాడు.

"కిడ్నీలు ఇటువైపు ఉండాయి సార్," అంది రాజశ్రీ.

ఎడమది ఎర్రగా ఉంది. కుడిది నీలం. దానికి పోయే రక్తనాళం ఒకచోట దారమంత సన్నబడింది.

భరత్ తల పట్టుకున్నాడు. "ఏడు వారాలుగా మాత్రలు మార్చుకుంటా కూర్చున్నా. కారణమేమో ఈడ పిట్టల్ని తోలుతాంది."

గుడిసెలో ఉన్న అంజినమ్మ దగ్గరికి పోయి చెప్పాడు. "అమ్మా, రేపే కర్నూలుకు చీటీ రాస్తా. ఆ నాళం తెరిస్తే కిడ్నీ నిలబడే దారి ఉండాది."

"పోతా గానీ, సీడీ మీరు తీసుకపోతే పిట్టలకేం కట్టాల?"

"ఖాళీవి పది పంపిస్తాలే అవ్వా," అంది రాజశ్రీ.

వాన తగ్గింది. స్కూటీ స్టార్ట్ కాలేదు. భరత్ కిక్ కొడుతూ తల ఎత్తకుండా అన్నాడు.

"బెంగళూరు పోవద్దు."

"ఎందుకు సార్? పేషెంట్ల కోసమా?"

"వాళ్ల కోసం కూడా."

స్కూటీ స్టార్టయింది. రాజశ్రీ వెంటనే ఎక్కలేదు.

"బంద్ అన్నది మా నాయన. పోయి ఆయప్పకు చెప్పండి," అంది.

మర్నాడు పొద్దున అంజినమ్మ చీటీ కాంపౌండరు చేతికిచ్చి, భరత్ తొలి బస్సుకు ఆదోని పోయాడు. రామలింగయ్య అప్పుడే షట్టర్ ఎత్తాడు, రాజశ్రీ లోపలికి పోయి కూర్చుంది.

"ఏం సార్, ఇంత పొద్దున్నే? ఎవురికి బాగలేదు?"

"నాకు ఈడ ఒక కుర్చీ కావాల. మాత్రలకు బీపీ దిగనోళ్లకు ఇంక ఈ స్కానింగే రాస్తా. గురువారం గురువారం వచ్చి మీ పాప పక్కన కూర్చోని చూస్తా."

"గురువారం ఒక్కటే సాలా?"

"మీరు సరేనంటే మిగతా ఆరు దినాలు కూడా."

రామలింగయ్య కూతురి వైపు చూశాడు. ఆమె ఇంకా ఆన్ చేయని కంప్యూటర్‌ను చాలా శ్రద్ధగా చూస్తోంది. నలభై ఏళ్లు పత్తి గిల్లి రకం చెప్పిన మనిషికి ఇంకేం చెప్పాలి?

"మీ పెద్దోళ్లను పిల్సుకోని రాప్పా," అన్నాడు.

భరత్ లోపలికి పోయాడు. కుర్చీ మీది అట్టపెట్టెలు దించి, రాజశ్రీ పక్కకు లాక్కుని కూర్చున్నాడు. మొదటి పేషెంటును తనే కేకేసి పిలిచాడు.