జోడించని చేతులు

2084లో ఆనకట్ట నడపడమంటే గాలిలో చేతులు ఆడించడమే. కంట్రోల్ గదిలో ఇప్పుడు మీటలూ బటన్లూ లేవు. పాతవన్నీ పీకి తుక్కు కింద అమ్మేశారు. డ్యూటీలో ఉన్న మనిషి ముంజేతులకు సైగపట్టీలు కట్టుకుని నిలబడతాడు. అరచేతులు విడదీస్తే గోదావరి మీద గేట్లు లేస్తాయి, దగ్గరకు తెస్తే దిగుతాయి, ఊరికే వేలాడేస్తే ఉన్నచోటే ఉంటాయి. పసిపిల్లలకైనా అర్థమయ్యే సైగ అని, ఈ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ నిరంజని ఏరికోరి పెట్టింది. పట్టీలు ఎప్పుడూ ఎవరో ఒకరి ఒంటిమీద ఉండాలి. విప్పి పక్కన పడేస్తే, దొంగలు పడ్డారనుకుని యంత్రం గేట్లు మూసేస్తుంది.

పట్టీలోని ఎలక్ట్రోమయోగ్రఫీ సెన్సార్లు చెయ్యి కదిలేదాకా ఆగవు. కదలమని మెదడు పంపిన సంకేతం కండరానికి అందగానే పసిగడతాయి. వరద వేళ క్షణం కూడా వృథా కాకూడదని నిరంజని ఏళ్ల తరబడి చచ్చీచెడీ సాధించింది.

ఇప్పుడదే పీక మీదికొచ్చింది. ఈ వారంలో రెండుసార్లు ఎవరూ సైగ చెయ్యకుండానే గేట్లు దిగాయి. ఇవాళ వరద పోటెత్తుతోంది. గేట్లు కాసేపు మూసుకున్నా ఎడమ గట్టు తెగుతుంది, గట్టు పక్క ఊళ్లలో జనం ఇంకా కదల్లేదు. ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

పట్టీలు కట్టుకున్న ఆపరేటర్ ఏసుపాదం నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. రెండుసార్లూ ఆనకట్ట బోర్డు ఛైర్మన్ పురుషోత్తంగారు గదిలోకి వచ్చినప్పుడే జరిగిందట.

"దణ్ణాలు పెట్టొద్దన్నానుగా?" అంది నిరంజని.

"పెట్టలేదండి. చేతులు బిగబట్టుకునే ఉన్నాం. కానీ లోపల్లోపల అవి లేస్తూనే ఉంటాయి కదండీ."

ఆమెకు ఒళ్లు మండింది. తను ఎవరికీ దణ్ణం పెట్టే రకం కాదని, పట్టీలు విప్పించి తనే కట్టుకుంది. ఛైర్మన్‌ను రావద్దని కబురు పంపింది. ఊళ్లు మునిగేలా ఉంటే ఇంట్లో కూర్చుంటానా అని ఆయన రానే వచ్చాడు. ఈ యంత్రాన్ని ఉంచాలో పీకెయ్యాలో తేల్చే సంతకం ఆయనదే.

తలుపు తెరుచుకుంది. నిరంజని కదల్లేదు.

"గేట్లు దించుతున్నాను," అంది యంత్రం.

ఆమె కిందికి చూసుకుంది. చేతులు వేలాడుతూనే ఉన్నాయి. గబుక్కున విడదీసింది. గేట్లు సగంలో ఆగి వణికాయి.

"చేతులు తెరవమంటున్నాయి, కండరాలు మూయమంటున్నాయి. దేని మాట వినాలి?" అని అడిగింది యంత్రం.

నిరంజనికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బయటికి వెళ్లండని ఆయనతో అనడానికి ధైర్యం చాలలేదు. అప్పుడు తట్టింది: దణ్ణం పెట్టించుకోవడమే తప్ప పెట్టనవసరం లేని మనిషి ఈ గదిలో ఒక్కడున్నాడు. పట్టీలు విప్పి ఆయన ముంజేతులకే కట్టింది, చేతులు చాపమంది. ఆయన నవ్వుతూ బార్లా చాపాడు. గేట్లన్నీ తొణక్కుండా లేచాయి. నీళ్లు హోరున దూకాయి. ఏసుపాదం కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. ఇదేదో ముందే చెయ్యాల్సిందని నిరంజని అనుకుంది, ప్రాణం కుదుటపడింది.

ఛైర్మన్ చేతులు దించి దర్జాగా నిలబడ్డాడు. ఆయన చెవిలో ఫోన్ మోగింది. ఎవరో తెలియగానే మనిషి నిటారుగా అయిపోయాడు.

"మంత్రిగారూ, నమస్కారం సార్. గేట్లన్నీ తెరిచే ఉన్నాయి సార్."

"గేట్లు దించుతున్నాను," అంది యంత్రం.