యెలాన్క వంతెన మీద సెల్యూట్

యెలాన్క వాగు మీది వంతెనకి మంచి పేరు లేదు. సైబీరియా రైలుదారిలో అంతకన్నా పెద్దవి ఎన్నో ఉన్నాయి. వాటి పేర్లు ఎవరికీ గుర్తుండవు. దీని పేరు మాత్రం ఆ దారిలో రొట్టెలమ్మే ముసలమ్మలకి కూడా తెలుసు. చీకటి పడ్డాక అక్కడ ఒకడు నిలబడి ఉంటాడట. పలకరిస్తే పలకడట. అంతకు మించి ఎవరూ చెప్పేవాళ్ళు కాదు... అడిగితే శిలువ గీసుకునేవాళ్ళు.

అది 1920 జనవరి. యుద్ధానికని ఇల్లు వదిలిన మా చెక్ సిపాయిలు, భూమి చుట్టూ తిరిగైనా సరే ఇంటికి చేరాలని, తూర్పు సముద్రం వైపు రైలుపెట్టెల్లో పోతున్నారు. వాళ్ళలో వెందెలీన్ కోప్రివా ఇంజనీర్ల దళంలో కార్పొరల్. విరిగిన వంతెనలకి కొయ్యగుంజలు నిలబెట్టడం అతని పని.

ఆ రాత్రి వాళ్ళ బండి వంతెన దాటి, కిలోమీటరు అవతల నీళ్ళకి ఆగింది. వెనక ఇంకో బండి వస్తోంది. వెందెలీన్ వెనక్కి నడిచి వెళ్ళి, తమ బండి బరువుకి గుంజలేమైనా కదిలాయేమో చూసి, దాటొచ్చిన గట్టున గుడిసెలో ఉన్న కాపలావాళ్ళకి ఆ కబురు చెప్పి రావాలి.

"మూడింటికి కదులుతాం తమ్ముడూ," అన్నాడు కెప్టెన్ వ్లాసాక్. "ఆపడం నా చేతుల్లో లేదు."

"రాకపోతే తోడేళ్ళకి పండగే కదన్నా," అన్నాడు వెందెలీన్.

ఎవరూ నవ్వలేదు. మైనస్ నలభై డిగ్రీల చలి. బండి తప్పితే ఇల్లు తప్పినట్టే.

వెళ్ళేటప్పుడు గడ్డకట్టిన వాగు మీద నడుస్తూ, ఒక్కో గుంజనీ సుత్తితో తట్టి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. కబురు చెప్పాడు. తిరుగుదారిలో పట్టాల మీదుగా వచ్చాడు. లాంతరు చేతికి వేలాడుతోంది. బూట్ల కింద మంచు కరకరలాడుతోంది... ఇంకో చప్పుడు లేదు.

వంతెన చివర, కమ్మీకి ఆనుకుని, ఒకడు నిలబడి ఉన్నాడు.

ఇక్కడో మాట చెప్పాలి. మా దళాల్లో భుజాల మీది పట్టీలు ఎప్పుడో పీకేశారు. ఎవడి హోదా ఏమిటో తెలియాలంటే ఎడమచేతి మీద డాలు ఆకారంలో కుట్టిన గుడ్డ చూడాలి. దాని మీద చారలు లెక్కపెట్టాలి. అందుకని మావాళ్ళు చీకట్లో మనిషి ఎదురైతే మొహం చూడరు. ముందు ఎడమచెయ్యి చూస్తారు. ఊళ్ళకి తిరిగొచ్చాక కూడా కొందరికి ఆ అలవాటు పోలేదు. పెళ్ళిళ్ళలో వియ్యంకుల మోచేతులు చూసేవాళ్ళు.

వెందెలీన్ లాంతరు ఆ ఎడమచేతి దాకానే ఎత్తాడు. ఇంజనీర్ల గుర్తు. కెప్టెన్ చారలు!

ఠక్కున నిలబడి సెల్యూట్ కొట్టాడు.

మాలో పెద్దాచిన్నా అందరూ అన్నదమ్ములే, కెప్టెన్‌నైనా అన్నా అనే పిలవాలి. కానీ సెల్యూట్ సెల్యూటే. అది సరిగా లేదనే అంతకు వారం ముందు వెందెలీన్ చేత మూడు రోజులు బొగ్గు మోయించారు.

"గుంజలు బాగున్నాయి కెప్టెన్ అన్నా."

జవాబు లేదు.

"కాపలావాళ్ళకి చెప్పాను... వెళ్ళమంటారా?"

చెయ్యి దించమని సైగ లేదు. పైకెత్తిన చెయ్యి తిమ్మిరెక్కుతోంది. పలకని మనిషి ముందు నిలబడితే లోపల దాచుకున్నవన్నీ తన్నుకొస్తాయి. పాపాలు చెప్పుకునేవాళ్ళకి కనబడకుండా పాదిరీలు తెర వెనక కూర్చునేది ఊరికే కాదు.

"అన్నా... ఇంటి నుంచి ఉత్తరం వచ్చి రెండేళ్ళయింది," అన్నాడు వెందెలీన్, గొంతు తగ్గించి. "మా ఆవిడ లూద్మిల మొహం గుర్తుంది. గొంతు గుర్తు రావడం లేదు. ఎంత ప్రయత్నించినా... ఎవరితోనూ అనలేదు. నవ్వుతారని."

అవతలివాడు నవ్వలేదు.

దూరంగా ఇంజను కూత వేసింది.

ఇక వెందెలీన్‌కి ఆగే దారి లేదు. "క్షమించన్నా!" అంటూ చెయ్యి దించేశాడు. లాంతరు పైకెత్తాడు.

కాలరు పైన ఏమీ లేదు.

అయినా చెయ్యి చాచి ముట్టుకున్నాడు. చెక్కలా గట్టిగా తగిలింది. కోటు... ఒట్టి కోటు! చెమ్మగిల్లి, గడ్డకట్టి, నిలువునా నిలబడిపోయిన కోటు. పేలు చావాలని మావాళ్ళు కోట్లని రాత్రంతా మంచులో పెట్టేవాళ్ళు. మన కెప్టెన్‌దే అయ్యుంటుంది, నౌకరు చేత ఇక్కడ పెట్టించి మరిచిపోయినట్టున్నారు అనుకున్నాడు. పేలకోటుకి కాపురం కబుర్లన్నీ చెప్పుకున్నందుకు తనని తనే తిట్టుకుంటూ, దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

బండి అప్పటికే కదులుతోంది. ఆఖరి పెట్టె తలుపులోంచి కెప్టెన్ నౌకరు ప్రోకోప్, అరవై ఏళ్ళవాడు, చెయ్యి చాచి లోపలికి లాగాడు.

"ఒరేయ్, పంపింది ఒక్కణ్ణి, ఇద్దరొచ్చారేంట్రా!"

పెట్టెలో అందరూ పడీపడీ నవ్వారు. వెందెలీన్‌కి ఆయాసం తీరలేదు. "కెప్టెన్ అన్నా, మీ కోటు..."

వ్లాసాక్ తన ఛాతీ తట్టుకున్నాడు. "నా కోటు నా ఒంటి మీదే ఉంది తమ్ముడూ."

ప్రోకోప్ లాంతరు తెచ్చి ఆ కోటుని పైనుంచి కిందికి చూశాడు. నవ్వు మానేశాడు.

"పేలకి పెట్టింది కాదిది," అన్నాడు మెల్లగా. "పేలుండేది కుట్లలో. అందుకని లోపలి వైపు బయటికి తిప్పి పెడతాం. దీన్నెవరూ తిప్పలేదు... పైగా బొత్తాలు చూడు. మెడ దాకా అన్నీ పెట్టే ఉన్నాయి."

"అయితే?"

"బొత్తాలు విప్పకుండా, లోపలి మనిషి బయటికెలా వచ్చాడ్రా?"

చక్రాల చప్పుడొక్కటే.

"బయట పారెయ్యండి," అన్నాడు వ్లాసాక్.

"వద్దన్నా," అన్నాడు వెందెలీన్. ఎందుకన్నాడో అతనికే తెలియదు. "అక్కడ... ఒక్కడే ఉన్నాడు."

అందరూ అవతలి మూలకి జరిగారు. వెందెలీన్ కోటుని పొయ్యి దగ్గర నిలబెట్టి, తనూ అక్కడే కూర్చున్నాడు. కాసేపటికి వేడికి కోటు మంచు వదిలింది. నడుము వంగింది. మోకాళ్ళ దగ్గర ముడుచుకుంది. బాగా అలిసిపోయిన మనిషిలా, మెల్లగా, అతని పక్కన కూర్చుంది.