జాతర వారంలో చూసిన మడిగె

"ఏం సారూ, మూడు దినాల సంది ఈడనే కూసుంటున్నరు. మా ఇంటి దిక్కు చూసుకుంట ఏం రాస్తున్నరు?"

సారంగపాణి చేతిలోని చాయ్ సాసర్లోకి ఒలికింది. ఎదురుగా ఒక అమ్మాయి. చేతిలో పాలగిన్నె, కళ్లలో పోలీసు స్టేషను.

"ఇంటి దిక్కు కాదండీ, ఇంటి కింది మడిగె దిక్కు. కిరాయికి అని బోర్డు పెట్టిండ్లు గద."

"మడిగెను చూస్తానికి నోట్‌బుక్కెందుకు?"

"ఈ గల్లీల దినాం ఎంతమంది నడుస్తాండ్లో లెక్క రాస్తాన."

"నన్ను గూడ రాసిండ్లా?"

"పొద్దుగాల రెండుసార్లు" అనేసి నాలుక కరుచుకున్నాడు.

చాయ్ హోటల్ రాజమల్లు నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు.

సారంగపాణిది గడియారాలు బాగుచేసే పని. నాలుగేళ్లుగా వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక లాడ్జి మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. ఇప్పుడు ఆ మెట్లు కూలగొడుతున్నారు. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. వేరే చోటు దొరక్కపోతే కేసముద్రం వెళ్లి మేనమామ అడ్తి దుకాణంలో పత్తి తూకాలు చూసుకోవాలి. మామ మంచివాడే. కానీ అక్కడికి వెళితే భూతద్దం, పట్టకార్లు డబ్బాలోకి వెళతాయి, మళ్లీ బయటికి రావు.

దుకాణం కోసం ఇప్పటికి ఆరు మడిగెలు, ఆరు గదులు చూశాడు. ఒకటి పిండిగిర్ని పక్కన. ఒకదానికి కిటికీ లేదు. హన్మకొండలోని ఈ గల్లీ మడిగె ఏడోది. యజమాని పాండురంగం గురువారం దాకా గడువిచ్చాడు. ఆ అమ్మాయి ఆయన కూతురు సుగుణ, డిగ్రీ ఆఖరి సంవత్సరం.

ఒక్క చాయ్ మీద మూడు గంటలు కూర్చున్నా రాజమల్లు ఏమీ అనలేదు. పైగా ఎండ పడుతుంటే బల్ల లోపలికి జరిపాడు. కష్టంలో ఉన్నవాడికి అంతమాత్రం నీడ కూడా పెద్ద ఆసరా.

మరునాడు సుగుణ మళ్లీ వచ్చింది. నోట్‌బుక్కు వంక తొంగిచూసింది.

"మస్తుమంది ఉన్నరే! మేడారం జాతరకు పోయేటోళ్లను గూడ కలిపిండ్లా?"

"నేనంత పిచ్చోణ్ణి గాదు. బెల్లం నెత్తిన పెట్టుకున్నోళ్లను, మూటలు పట్టుకున్నోళ్లను తీసేసిన. వీళ్లంతా ఊరోళ్లే."

అది అతని గర్వం. సుగుణ ఒకసారి ఇంటి వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఊరోళ్లే, నిజమే. కని పెద్దరోడ్డు మేడారం బస్సులకు, బండ్లకు ఇచ్చిండ్లు. సైకిళ్లు, రిక్షాలు అన్ని ఈ గల్లీకి మళ్లినయ్. జాతర అయిపోయినంక ఈడ కాకి గూడ వాలదు."

భయంలో ఉన్న మనిషికి మంచిమాట కూడా అనుమానంగానే వినిపిస్తుంది.

"ఇంకెవరికన్న ఇప్పియ్యాలనుకుంటున్నరా?"

సుగుణ ముఖం ఎర్రబడింది.

"ఏడాది సంది ఈ మడిగె ఖాళీగున్నది. మీరు అడ్వాన్సిస్తే మా నాయినకు ఫికరే ఉండదు. గీ ముచ్చట మీకు చెప్తే నాకేం లాభమో మీరే ఆలోచించున్రి!"

విసురుగా వెళ్లిపోయింది. రాజమల్లు గ్లాసు కడుగుతూ, "పొరపాటు చేసినవ్ బిడ్డా" అన్నాడు.

గురువారం సారంగపాణి పాండురంగం దగ్గరికి వెళ్లి, జాతర అయ్యాక ఈ గల్లీలో మనుషులే ఉండరని విన్నానని, అది చూసుకునేందుకు సోమవారం దాకా ఆగమని అడిగాడు.

"ఇంకో పార్టీ వస్తే నేనాగ" అన్నాడాయన.

ఆ నాలుగు రోజులు అతను పని మీద మనసు పెట్టలేకపోయాడు. ఒక గడియారానికి ముల్లు తలకిందులుగా బిగించి, మళ్లీ ఊడదీశాడు. చోటు చేజారుతుందని ఒక భయం. ఆ అమ్మాయి ఇక మాట్లాడదేమోనని ఇంకో భయం. రెండోది ఎందుకో అతనికి అర్థం కాలేదు.

సోమవారం పొద్దున గల్లీలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. ఒక మేక, ఒక పోస్ట్‌మ్యాన్. అంతే. సుగుణ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తలేదు.

"తప్పయిందండీ."

"బియ్యంల రాయి మీరే అయితే ఇంతసేపా, ఎప్పుడో ఏరి పారేద్దును."

నవ్వింది. అతనికి ఊపిరి వచ్చింది.

"పోయే ముందు మడిగె ఒక్కసారి లోపల చూస్త. తాళం చెవిస్తరా?"

మొదటిసారి చూసినప్పుడు సైకిల్ బెల్లుల మోతలో గోడలు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇప్పుడు ఉత్తరపు కిటికీ నుంచి మెత్తని వెలుగు. బయటి నుంచి దుమ్ము రావడం లేదు. అతను కదలకుండా నిలబడ్డాడు. తన చేతి గడియారం టిక్కుమనడం స్పష్టంగా వినిపించింది. మెట్ల కింద నాలుగేళ్లలో ఒక్కసారీ వినిపించలేదు. ప్రతి గడియారాన్నీ చెవికి అదిమిపెట్టుకునే విన్నాడు.

ఇన్నాళ్లూ తాను తప్పు లెక్క రాస్తున్నట్లు అప్పుడు తెలిసింది.

మడిగె తీసుకుంటానని చెప్పగానే పాండురంగం నోరు తెరిచాడు. "మనుషులు లేని గల్లీ అంటివి. మళ్ల ఇదే గావాల్నంటవ్?"

"చెడిపోయిన గడియారం ఉన్నోడు వెతుక్కుంట వస్తడు. నాకు గావాల్సింది వెలుతురు, సప్పుడు లేని జాగ. చౌరస్తల బాణంగుర్తు బోర్డు పెడత."

"జాతర ముచ్చట నీకెవలు చెప్పిండ్లు?"

"నేనే నాయినా" అంది సుగుణ.

పాండురంగం కూతుర్నీ అతన్నీ మార్చిమార్చి చూశాడు. "అయితే కిరాయి తగ్గియ్యాలె" అన్నాడు చివరికి.

సారంగపాణి దుకాణం తెరిచాడు. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. కిటికీ తుడిచాడు, బల్ల తుడిచాడు, తుడిచినదే మళ్లీ తుడిచాడు. కేసముద్రం బస్సు వేళలు గుర్తొచ్చాయి. మూడో రోజు సుగుణ వచ్చి తన చేతి గడియారం విప్పి ముందు పెట్టింది.

"బోణీ నాదే. మంచిగ చూడున్రి."

అతను మూత తీసి, భూతద్దం పెట్టి చూశాడు. చక్రాలన్నీ చక్కగా తిరుగుతున్నాయి. చెవి దగ్గర పెట్టుకోలేదు. ఆ నిశ్శబ్దంలో అవసరం లేకపోయింది.

"ఇందుల ఏం ఖరాబ్ లేదు."

"నాకెరుకే."

అతను తలెత్తాడు. ఆమె తల దించుకుంది. గడియారం మాత్రం ఏమీ ఎరగనట్లు నడుస్తోంది.

"మళ్ల ఎందుకు తెచ్చిండ్లు?"

"చెడిపోయేదాక ఆగాల్నంటే ఎన్నేండ్లు పడ్తదో అని."

"ఎల్లుండి మా మామను కేసముద్రం నుంచి పిలిపిస్త" అన్నాడు. "మీ నాయినతో మాట్లాడిపిస్త."

పై నుంచి పాండురంగం గొంతు వినిపించింది.

"సప్పుడు లేని జాగ పిల్లగా ఇది! ఈడ ఏం మాట్లాడినా పైకి వినస్తది. ఎల్లుండి ఎందుకు, రేపే రమ్మను!"